అమెరికాలో మెడిసిన్ చదివేవాళ్లు హెల్త్ ఇన్సూరెన్స్ ఎలా ఎంచుకోవాలి

మెడికల్ స్కూల్ నుంచి మొదటి ఫీజు బిల్లు రాగానే ఇంట్లో అందరి కళ్లూ ఒక పద్దు మీద పడతాయి: స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్, ఏడాదికి ఇన్ని వేల డాలర్లు. "నువ్వు మా ప్లాన్‌లోనే ఉన్నావు కదమ్మా, అది తీసెయ్యమని రాసెయ్" అంటారు నాన్న. చాలాసార్లు ఆయన మాటే సరైనది. కొన్నిసార్లు మాత్రం అలా మిగిల్చిన డబ్బుకి రెండింతలు ఏడాది తిరక్కుండానే ఆస్పత్రికి కట్టాల్సొస్తుంది. ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోవాలంటే ప్రీమియం సంగతి ఆఖరున చూడండి. రాబోయే పన్నెండు నెలలు మీరు ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రుల్లో ఉండబోతున్నారన్నది ముందు చూడండి.

మొదటి పని: తేదీలు ఒకచోట రాసుకోండి

ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ అనగానే అందరికీ నవంబర్ గుర్తొస్తుంది. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ అయిన హెల్త్‌కేర్ డాట్ గవ్ నవంబర్ 1న తెరుచుకుంటుంది. డిసెంబర్ 15లోపు ప్లాన్ తీసుకుంటే జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. ఇంతకుముందు జనవరి 15 దాకా గడువుండేది కానీ, 2027 ప్లాన్ల నుంచి డిసెంబర్ 15తోనే తలుపు మూసేస్తున్నారు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలకు సొంత మార్కెట్‌ప్లేస్‌లు ఉన్నాయి, వాటి గడువులు వేరు. అమ్మానాన్నల ఆఫీసులో ప్లాన్ మార్చుకునే సమయం కూడా ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వస్తుంది.

మెడికల్ స్టూడెంట్‌కి అసలు గడువు మాత్రం నవంబర్‌లో లేదు, జూలై ఆగస్టుల్లో ఉంది. క్లాసులు మొదలయ్యే ముందు కాలేజీ మిమ్మల్ని తన ప్లాన్‌లో చేర్చేసి బిల్లు వేస్తుంది. మీకు వేరే ఇన్సూరెన్స్ ఉందని చూపించి వద్దనుకోవడాన్ని వెయివర్ అంటారు. ఆ ఫారానికి ఒక ఆఖరు తేదీ ఉంటుంది. అది దాటితే డబ్బు కట్టాల్సిందే. చాలా కాలేజీల్లో ఇది ఏటా కొత్తగా చేయాలి, పోయినేడు పెట్టిన వెయివర్ ఈ ఏడాదికి పనికిరాదు. వైట్ కోట్ సెరెమనీ హడావుడిలో మరిచిపోయేది ఇదే కాబట్టి, కాలేజీ ఈమెయిల్ చేతికి రాగానే వెతకాల్సిన మొదటి పదం వెయివర్.

ఇక మూడో తేదీ మీ 26వ పుట్టినరోజు. ఇక్కడ మెడికల్ స్కూల్లో చేరేవాళ్ల సగటు వయసు 24 చుట్టూ ఉంటుంది. అంటే అమ్మానాన్నల ప్లాన్‌లోంచి బయటికొచ్చే రోజు చాలామందికి రెండో ఏడాదిలోనో, క్లర్క్‌షిప్‌లు (ఆస్పత్రి విభాగాల్లో వంతులవారీ శిక్షణ, ఒక్కో వంతుని రొటేషన్ అంటారు) నడిచే మూడో ఏడాదిలోనో వస్తుంది. సర్జరీ రొటేషన్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచే రోజుల్లో ఇన్సూరెన్స్ ఫారాలు నింపే ఓపిక ఎవరికీ ఉండదు. ఇప్పుడే చూసుకోండి. నాన్నది ఆఫీసు ప్లాన్ అయితే కొన్ని కంపెనీలు పుట్టినరోజుతోనే ఆపేస్తాయి, కొన్ని ఆ నెలాఖరు దాకా ఇస్తాయి, అది హెచ్‌ఆర్‌ని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మార్కెట్‌ప్లేస్‌లో కొన్న ప్లాన్ అయితే ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా ఉండొచ్చు. కవరేజీ పోవడానికి 60 రోజుల ముందు నుంచి, పోయాక 60 రోజుల దాకా మార్కెట్‌ప్లేస్‌లో ప్రత్యేకంగా చేరే అవకాశం ఉంటుంది. కాలేజీ ప్లాన్లో చేరడానికి మాత్రం అంత వ్యవధి ఇవ్వరు, చాలాచోట్ల 30 రోజులే.

ఉద్యోగాలు పోయే కాలం కూడా ఇది. ఐటీలో ఉన్న అమ్మకో నాన్నకో లేఆఫ్ వస్తే జీతంతో పాటు మీ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. అలా పోవడాన్ని కూడా ప్రత్యేక సందర్భంగానే లెక్కేస్తారు కాబట్టి పై గడువులే వర్తిస్తాయి. కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకోవచ్చు. ఉద్యోగం పోతే 18 నెలలు, మీకు 26 నిండడం వల్ల పోతే 36 నెలలు. ఖర్చు మాత్రం మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా ఉంటుంది, ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి.

రెండో పని: మీకు ఏ తలుపులు తెరిచి ఉన్నాయో చూసుకోండి

అమ్మానాన్నల ప్లాన్, కాలేజీ ప్లాన్, మార్కెట్‌ప్లేస్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్. మామూలుగా ఈ నాలుగే. పెళ్లయి భర్తకో భార్యకో ఉద్యోగం ఉంటే అది ఐదోది.

అమ్మానాన్నల ఉద్యోగ వీసా వల్ల వచ్చే హెచ్-4 మీద పెరిగిన పిల్లలకి ఒక మాట. 21 నిండాక స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాల్సొచ్చింది కాబట్టి ఇన్సూరెన్స్‌లోంచి కూడా బయటికి వెళ్లాలేమో అని చాలా కుటుంబాలు భయపడతాయి. అక్కర్లేదు. తల్లిదండ్రుల ప్లాన్‌లో 26 దాకా ఉండే హక్కుకీ వీసాకీ సంబంధం లేదు. మీరు వేరే రాష్ట్రంలో ఉన్నా, పెళ్లి చేసుకున్నా, టాక్సులో వాళ్లకి డిపెండెంట్ కాకపోయినా ఆ హక్కు పోదు.

మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ విషయంలో వీసా లెక్కలోకి వస్తుంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి ఎఫ్-1 వాళ్లకి సబ్సిడీ ఉండదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, పౌరులకి ఉంటుంది. కోవిడ్ కాలంలో పెంచిన అదనపు సబ్సిడీలు కూడా 2025 చివరితో ఆగిపోయాయి కాబట్టి సీనియర్లు రెండేళ్ల కిందట కట్టిన ప్రీమియం చూసి అంచనా వేసుకోకండి. కాలేజీ ప్లాన్ అందుబాటులో ఉన్నంత మాత్రాన సబ్సిడీ పోదు, అందులో నిజంగా చేరితేనే పోతుంది. అయితే అమ్మానాన్నలు మిమ్మల్ని టాక్సులో డిపెండెంట్‌గా చూపిస్తే వాళ్ల ఆదాయమే మీ ఆదాయంగా లెక్క. అప్పుడు సబ్సిడీ సంగతి దాదాపు మరిచిపోవచ్చు.

మెడికెయిడ్ అంటే మన ఇళ్లలో కొంచెం ముఖం చిట్లిస్తారు. చిట్లించాల్సింది ఏమీ లేదు. ఎవరికీ డిపెండెంట్ కాని, అప్పు మీద చదివే స్టూడెంట్‌కి చేతికొచ్చే ఆదాయం సున్నా, విద్యా రుణాన్ని ఆదాయంగా లెక్కపెట్టరు. మెడికెయిడ్‌ని విస్తరించిన 40 రాష్ట్రాల్లో, వాషింగ్టన్ డీసీలో పేదరిక రేఖకి 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దవాళ్లు అర్హులు, ప్రీమియం దాదాపు ఉండదు. టెక్సస్, ఫ్లోరిడాల్లో ఈ విస్తరణ లేదు కాబట్టి అక్కడ చదివేవాళ్లకి ఈ తలుపు మూసే ఉంటుంది. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కాని పెద్దవాళ్లకి కూడా మామూలుగా దొరకదు. దీని అసలు లోపం వేరే ఉంది: మెడికెయిడ్ ఆ రాష్ట్రానిదే. పొరుగు రాష్ట్రానికి రొటేషన్‌కి వెళ్తే ఎమర్జెన్సీకి తప్ప పనిచేయదనే అనుకోండి.

ఇక ఈ నాలుగూ కాకుండా చవగ్గా దొరికేవి కొన్ని ఉన్నాయి. షార్ట్ టర్మ్ ప్లాన్లు, రోజుకింత అని చేతికిచ్చే ప్లాన్లు, ఊళ్లోంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకి కొనే విజిటర్ ఇన్సూరెన్స్ లాంటివి. వీటిలో చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బులకి డబ్బు ఇవ్వరు, గరిష్ఠ పరిమితి పెడతారు, కాలేజీ కూడా వెయివర్‌కి ఒప్పుకోదు. వీటి జోలికి వెళ్లకండి.

మూడో పని: కార్డు మీ ఊళ్లో పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి

అమ్మానాన్నలది డాలస్, మీ కాలేజీ ఫిలడెల్ఫియా అనుకుందాం. ప్లాన్ హెచ్ఎంఓ (తన నెట్‌వర్క్‌లో, అంటే తనతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆస్పత్రుల దగ్గరే చెల్లే రకం) అయితే ఫిలడెల్ఫియాలో అది ఎమర్జెన్సీకి తప్ప దాదాపు పనికిరాదు. ఈపీఓ కూడా నెట్‌వర్క్ దాటితే డబ్బివ్వదు. దాని నెట్‌వర్క్ దేశమంతా ఉందా, ఒక ప్రాంతానిదేనా అన్నది చూడాలి. పీపీఓ (నెట్‌వర్క్ బయట కూడా కొంత డబ్బిచ్చే రకం) అయితే ఫర్వాలేదు అనుకుంటారు కానీ, దాని నెట్‌వర్క్‌లో మీ కాలేజీ ఆస్పత్రి ఉందో లేదో చూడకుండా ఆ మాట అనకూడదు.

వెబ్‌సైట్లలో ఉండే డాక్టర్ల జాబితాలని నమ్ముకోవద్దు. వాటిలో రిటైరైనవాళ్లు, ఊరు మారినవాళ్లు, కొత్త పేషెంట్లని తీసుకోనివాళ్లు బోలెడుమంది ఉంటారు. కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఇలా అడగండి:

"నేను చదివే ఊరి జిప్ కోడ్ ఇది. నా ప్లాన్‌కి ఇక్కడ ఏ నెట్‌వర్క్ వర్తిస్తుంది? మా యూనివర్సిటీ ఆస్పత్రి, దాని డాక్టర్ల గ్రూపు రెండూ అందులో ఉన్నాయా? థెరపిస్టుల్లో కొత్త పేషెంట్లని తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను వాడే మందు మీ జాబితాలో ఏ అంచెలో ఉంది, ముందస్తు అనుమతి కావాలా?"

ఆస్పత్రి, డాక్టర్ల గ్రూపు అని విడివిడిగా అడగమన్నది ఊరికే కాదు. ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉండి, అందులో చూసే డాక్టర్ బయట ఉండడం మామూలే. ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి, రేపు క్లెయిమ్ తిరగ్గొడితే అప్పీలులో అదే మీ ఆధారం. తర్వాత థెరపిస్టుకీ, మీకు కావలసిన స్పెషలిస్టుకీ నేరుగా ఫోన్ చేసి మళ్లీ అడగండి. గంట పని, కానీ ఈ మొత్తం వ్యవహారంలో దీనికి మించి డబ్బు కాపాడే గంట లేదు.

ఎమర్జెన్సీకి భయం లేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం, నెట్‌వర్క్ బయట ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వైద్యం జరిగినా మీ వాటా నెట్‌వర్క్ లోపలి లెక్కలోనే వేయాలి. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్ మాత్రం ఆ చట్టంలో లేదు.

నాలుగో పని: మూడు రకాల ఏడాదులకి లెక్క కట్టండి

ఏ ప్లాన్‌కైనా నాలుగు అంకెలు కావాలి: ఏడాది ప్రీమియం, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ డబ్బివ్వడం మొదలుపెట్టే ముందు మీరే కట్టాల్సిన మొత్తం), ఆ తర్వాత మీరు కట్టే శాతం, ఏడాదిలో మీ జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం. ప్రతి ప్లాన్‌కీ ఒకే నమూనాలో ఉండే సారాంశ పత్రం ఇవ్వాలని చట్టం ఉంది, అందులో ఇవన్నీ దొరుకుతాయి.

రెండు ఊహాత్మక ప్లాన్లు తీసుకుందాం. కాలేజీ ప్లాన్: ప్రీమియం 4,800 డాలర్లు, డిడక్టబుల్ 300, తర్వాత మీ వాటా 10 శాతం, గరిష్ఠం 3,000. మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్: ప్రీమియం 3,000, డిడక్టబుల్ 7,500, గరిష్ఠం 10,000.

ఆరోగ్యంగా గడిచిన ఏడాది: 4,800 ఎదురుగా 3,000. బ్రాంజే నయం. వార్షిక చెకప్, టీకాలు, గర్భనిరోధక సాధనాలు లాంటివి నెట్‌వర్క్‌లో రెండింట్లోనూ ఉచితమే.

థెరపీ, రోజూ వేసుకునే ఒక మందు కలిపి 4,000 డాలర్ల బిల్లు అయిన ఏడాది: కాలేజీ ప్లాన్‌లో 300, మిగతా 3,700లో 10 శాతం 370, ప్రీమియంతో కలిపి 5,470. బ్రాంజ్‌లో ఆ 4,000 మొత్తం మీదే, ప్రీమియంతో 7,000.

అపెండిక్స్ పగిలి 40,000 డాలర్ల బిల్లు వచ్చిన ఏడాది: కాలేజీ ప్లాన్‌లో గరిష్ఠమైన 3,000 దగ్గర ఆగుతుంది, ప్రీమియంతో 7,800. బ్రాంజ్‌లో గరిష్ఠమైన 10,000 కట్టాల్సొస్తుందనుకుంటే ప్రీమియంతో 13,000.

చివరి అంకె చూసి ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఆ డబ్బు అక్టోబర్‌లో అడిగితే ఎక్కడినుంచి తెస్తాను? ఉద్యోగం ఉన్నవాళ్లకి జీతం ఉంది. మీకు అది లేదు. పైగా 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు లేవు, వైద్యవిద్యకి ఇచ్చే ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 దగ్గర ఆగుతుంది. మధ్యలో ఆస్పత్రి బిల్లు వస్తే ఇంకొంచెం అప్పు చేసి కట్టేద్దాం అనే దారి ఇప్పుడు చాలా ఇరుకైంది. కాలేజీ ప్లాన్ ప్రీమియంని చదువు ఖర్చులో భాగంగా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు లెక్కలోకి తీసుకోగలదు, అడగండి. అందుకే స్టూడెంట్‌కి ప్రీమియం కొంచెం ఎక్కువైనా గరిష్ఠం తక్కువున్న ప్లానే మంచిదని నా గట్టి అభిప్రాయం. మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకి 2026లో ఆ గరిష్ఠం ఒక్కరికి 10,600 డాలర్ల దాకా ఉండొచ్చని చట్టం ఒప్పుకుంటుంది.

అమ్మానాన్నల ప్లాన్‌తో పోల్చేటప్పుడు మీ ఒక్కరి వల్ల వాళ్ల జీతంలోంచి అదనంగా ఎంత కోస్తున్నారో అడగండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో కూడా ప్లాన్‌లో ఉంటే చాలా కంపెనీల్లో ఆ అదనం సున్నా. అప్పుడు, నెట్‌వర్క్ మీ ఊళ్లో ఉంటే, ఇంక ఆలోచించేదేం లేదు, వెయివర్ పెట్టేయండి.

ఐదో పని: మెడికల్ స్టూడెంట్‌కే ఉండే అవసరాలు

సూది గుచ్చుకోవడంతో మొదలుపెడదాం. క్లర్క్‌షిప్‌లో ఇది ఎవరికైనా జరగొచ్చు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు వీలైనంత త్వరగా, 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇన్సూరెన్స్ లేకుండా వాటి ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆస్పత్రి ఉద్యోగులకి వర్కర్స్ కాంపెన్సేషన్ ఉంది, స్టూడెంట్లు ఉద్యోగులు కారు కాబట్టి చాలాచోట్ల వాళ్లకి అది వర్తించదు. కొన్ని కాలేజీలు మొత్తం ఖర్చు తామే భరిస్తాయి, కొన్ని ముందు మీ ఇన్సూరెన్స్‌కి బిల్లు పంపుతాయి. స్టూడెంట్ ఎఫైర్స్‌కి మెయిల్ పెట్టి, "రొటేషన్‌లో సూది గుచ్చుకుంటే పరీక్షలకీ మందులకీ బిల్లు ఎవరికి వెళ్తుంది? ఊరు బయట రొటేషన్‌లో ఉంటే ఎక్కడికి వెళ్లాలి?" అని అడగండి. ఎండీ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఎల్‌సీఎంఈ నియమాల ప్రకారం దీనికి కాలేజీ దగ్గర రాసిపెట్టిన విధానం ఉండి తీరాలి. విద్యార్థులకి హెల్త్ ఇన్సూరెన్స్, డిసెబిలిటీ ఇన్సూరెన్స్ రెండూ, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ అందుబాటులో ఉంచాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. డిసెబిలిటీ పాలసీ చాలాసార్లు ఫీజులోనే కలిసిపోయి ఉంటుంది, వెయివర్ పెట్టేటప్పుడు పొరపాటున దాన్ని కూడా వదులుకోకండి.

నాలుగో ఏడాదిలో వేరే ఊళ్ల ఆస్పత్రుల్లో చేసే రొటేషన్లు వస్తాయి. ఒక నెల హ్యూస్టన్, ఒక నెల క్లీవ్‌లాండ్. చాలా ఆస్పత్రులు రానిచ్చే ముందు ఇన్సూరెన్స్ రుజువు అడుగుతాయి. ఆ ఏడాదికి దేశవ్యాప్త నెట్‌వర్క్ ఉన్న ప్లాన్ కావాలి. మొదటి రెండేళ్లూ చక్కగా పనిచేసిన ప్లాన్ ఆ ఏడాది చాలకపోవచ్చు, అందుకని ప్రతి జూలైలోనూ కొత్తగా ఆలోచించాలి.

మన ఇళ్లలో బయటికి అనని సంగతి ఇంకొకటి ఉంది. అమ్మానాన్నల ప్లాన్‌లో ఉంటే మీరు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఒక వివరణ పత్రం, ఈఓబీ అంటారు, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి వెళ్తుంది. సైకియాట్రిస్ట్ పేరు, తేదీ అందులో ఉండొచ్చు. నాన్నకి తెలిస్తే ఏమనుకుంటారో అని వైద్యమే చేయించుకోకుండా నెట్టుకొచ్చే పిల్లలు ఉన్నారు. డాక్టర్లు కాబోయేవాళ్లు డిప్రెషన్‌ని దాచుకుని చదవాల్సి రావడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. దీనికి దారులున్నాయి. ఆరోగ్య సమాచార గోప్యతని కాపాడే హిపా చట్టం కింద సమాచారాన్ని వేరే చిరునామాకి పంపమని ఇన్సూరెన్స్ కంపెనీని కోరవచ్చు. బయటపడితే మీకు ప్రమాదమని రాసిస్తే కంపెనీ ఒప్పుకోవాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మానసిక వైద్యం లాంటి సున్నితమైన విషయాలకి ఇంకా గట్టి రక్షణ ఉంది. కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్లు చాలావరకు ఇన్సూరెన్స్‌కి బిల్లే పంపవు, ముందు అక్కడికి వెళ్లండి. ఇవేవీ కుదరకపోతే, కేవలం ఈ ఒక్క కారణానికే సొంత పేరు మీద కాలేజీ ప్లాన్ తీసుకోవడం డబ్బు దండగ కానే కాదు. ప్రాణం మీదికొచ్చినంత బాధగా ఉంటే 988 హెల్ప్‌లైన్‌కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఇన్సూరెన్స్‌తో పనిలేదు.

పళ్లు, కళ్లు పెద్దవాళ్ల ప్లాన్లలో ఎక్కువగా ఉండవు. వేరే డెంటల్ ప్లాన్ తీసుకునే ముందు, మీ యూనివర్సిటీలో డెంటల్ స్కూల్ ఉంటే దాని క్లినిక్ రేట్లు కనుక్కోండి. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు రూట్ కెనాల్ చేయించుకోవచ్చులే అనుకునేవాళ్లకి చెప్పాల్సింది ఒకటే: మూడో ఏడాది మొదలయ్యాక అంత సెలవు దొరకదు.

ఆఖరి ఏడాది: జూన్ నెల ఖాళీ

మార్చి మధ్యలో మ్యాచ్ ఫలితం, అంటే చదువు తర్వాతి శిక్షణ అయిన రెసిడెన్సీ మీకు ఎక్కడ దొరికిందన్నది, వస్తుంది, రెసిడెన్సీ ఎక్కువగా జూలై 1న మొదలవుతుంది. కాలేజీ ప్లాన్ కొన్నిచోట్ల మేలోనే ముగుస్తుంది, కొన్నిచోట్ల జూలై ఆగస్టుల దాకా ఉంటుంది. కొత్త ఆస్పత్రి ఇన్సూరెన్స్ ఓరియెంటేషన్ రోజునుంచా, జూలై 1 నుంచా, మొదటి నెల గడిచాకా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మ్యాచ్ అయిన వారంలోనే రెండు మెయిళ్లు పెట్టండి. ఒకటి కాలేజీకి: "నా కవరేజీ ఆఖరి రోజు ఏది?" ఇంకొకటి కొత్త ప్రోగ్రామ్‌కి: "మొదటి రోజు ఏది?" మధ్యలో ఖాళీ కనిపిస్తే మార్కెట్‌ప్లేస్‌లో కవరేజీ పోకముందే దరఖాస్తు చేయొచ్చు. మే 31తో ముగుస్తుంటే మేలోనే పెట్టండి, జూన్ 1 నుంచి మొదలవుతుంది. జూన్ దాకా ఆగి పెడితే జూలై 1 నుంచే వస్తుంది, సామాన్లు ట్రక్కుకెత్తి కొత్త ఊరికి కారు నడిపే ఆ నెలంతా చేతిలో కార్డు ఉండదు.